చేతిలో ఇమిడే టార్చిలైటు: ఏది కొంటే మేలు?

ప్రతిసారీ జబ్బుల గురించీ మందుల గురించీ రాస్తుంటాం. ఈసారి ప్రతి ఇంట్లో ఉండవలసిన ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాం. రాత్రివేళ అత్యవసర విభాగానికి వచ్చేవారిలో చీకట్లో మెట్టు తప్పి పడి తుంటి ఎముక విరిగిన పెద్దవారు ఉంటారు. పెరట్లోకి వెళ్ళి పాము కాటుకు గురైనవారూ ఉంటారు. "ఇంట్లో టార్చిలైటు లేదా అమ్మా?" అని అడిగితే తరచుగా వినే జవాబు, "ఉందండీ, సెల్లులు అయిపోయాయి" అని. లేదా "ఎక్కడ పెట్టామో కనబడలేదండీ" అని.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని తాకినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. సెల్‌ఫోన్లు ఛార్జింగు లేక మూగబోయాయి. ఇక ఫోను లైటు మీద ఆధారపడ్డవారి సంగతి చెప్పనక్కరలేదు. అంతకు సరిగ్గా ఐదు రోజుల ముందు, అక్టోబరు 7న, నీలిరంగు ఎల్.ఇ.డి.ని కనుగొన్నందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ నీలి ఎల్.ఇ.డి. మీద పసుపు పూత వేస్తేనే తెల్లని వెలుగు వస్తుంది. నేడు బజారులో తక్కువ ధరకు దొరికే చిన్న టార్చీలన్నీ దాని చలవే.

అయితే పూర్ణా మార్కెట్‌లోనో గాజువాకలోనో దుకాణానికి వెళితే పదిరకాలు ముందు పెడతారు. డబ్బా మీద "5 వాట్లు", "2 కిలోమీటర్లు" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. వీటిలో దేన్ని నమ్మాలి?

వాట్లు చెప్పేది ఎంత కరెంటు తింటుందో మాత్రమే. మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేది ల్యూమెన్లు. పాత బల్బు టార్చి ఇచ్చేది సుమారు పది ల్యూమెన్లలోపే. ఒకటి రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే మంచి ఎల్.ఇ.డి. టార్చి యాభై నుంచి వంద ల్యూమెన్లు ఇస్తుంది. ఇంటికీ పెరటికీ ఇది చాలు. ఇంకో మాట. ల్యూమెన్లు రెట్టింపయితే మన కంటికి వెలుగు రెట్టింపుగా కనబడదు. కాబట్టి వందకూ నూట యాభైకీ తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టడం మాకు దండగ అనిపిస్తుంది.

దూరం సంగతి మరింత తమాషాగా ఉంటుంది. 2009లో వచ్చిన ఒక ప్రమాణం ప్రకారం టార్చి "దూరం" అంటే పున్నమి వెన్నెలంత వెలుగు మాత్రమే పడే చోటు వరకు అని అర్థం. వంద మీటర్లు అని రాసి ఉంటే వంద మీటర్ల దగ్గర వెన్నెలంతే ఉంటుంది. యాభై మీటర్ల దగ్గర దానికి నాలుగింతలు ఉంటుంది. అలాగే "పది గంటలు వెలుగుతుంది" అంటే పది గంటలూ ఒకేలా అని కాదు. మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేవరకు అని. ఈ ప్రమాణాన్ని పాటించిన కంపెనీల అంకెలనే ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. మిగతావి దుకాణదారు నోటిమాటతో సమానం.

వెలుగు ఎంత అన్నదానికంటే అది ఎలా పరచుకుంటుందన్నది ముఖ్యమని మా అభిప్రాయం. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌసును చూడండి. కటకం వెలుగునంతా ఒక కట్టగా చేసి సముద్రం మీదికి పంపుతుంది. ఎంతో దూరాన ఉన్న ఓడకు కనిపిస్తుంది కానీ కొండ మీద నడిచేవాడి కాళ్ళ ముందు రాయిని చూపించదు. దీపం కింద చీకటి అన్నట్టే. ముందు భాగాన్ని లాగితే వెలుగు దగ్గరపడే "జూమ్" టార్చీలు కొంత ఇలాంటివే. పూర్తిగా లాగితే గోడ మీద చిన్న చతురస్రం పడుతుంది, చుట్టూ కటిక చీకటి. పాము ఉండేది ఆ చుట్టూ ఉన్న చీకట్లోనే. తొమ్మిది చిన్న బల్బులున్న చౌక టార్చి దీనికి వ్యతిరేకం. మెత్తగా, వెడల్పుగా పరుస్తుంది గానీ నాలుగడుగులు దాటితే పలచబడిపోతుంది. గదిలో మందుసీసా వెతకడానికి బాగుంటుంది, బావి దగ్గరికి వెళ్ళడానికి కాదు. ఒకే ఎల్.ఇ.డి., దాని చుట్టూ గిన్నెలాంటి అద్దం ఉన్న రకమే మాకు అన్నిటికంటే నచ్చింది. మధ్యలో గట్టి వెలుగు, చుట్టూ పలచని వెలుగు రెండూ ఇస్తుంది. ముందు దారీ కనిపిస్తుంది, కాళ్ళ పక్కనా కనిపిస్తుంది.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నామంటే, 2011లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2005లో మన దేశంలో పాము కాటుతో మరణించినవారు సుమారు 45,900 మంది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 6,200 మంది. ఉత్తరప్రదేశ్ తరువాత మనమే. రక్తపింజరి ఎండుటాకుల రంగులో కలిసిపోయి ఉంటుంది. మరీ నీలంగా కొట్టే తెల్లని వెలుగులో గోధుమరంగు మీద గోధుమరంగు ఆనదు. కొంచెం పసుపు కలిసిన వెలుగులో తేడా తెలుస్తుంది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి కూడా సరిగా తెలియదు. కాటు వేసిందని అనుమానం వస్తే టార్చి పట్టుకుని పామును వెతకవద్దు, కోయవద్దు, గట్టిగా కట్లు కట్టవద్దు. కాటు పడిన కాలు గానీ చెయ్యి గానీ కదపకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి రండి.

వెలుగు రంగు గురించి తల్లులకు ఒక మాట. పసిబిడ్డకు పచ్చకామెర్లు ఉన్నాయో లేవో టార్చి వెలుగులో చూసి నిర్ణయించవద్దు. నీలపు తెలుపు ఆ పసుపును కప్పేస్తుంది. పగటి వెలుగులో చూడండి, అనుమానం ఉంటే తీసుకురండి.

ఇక పెద్దవారి కళ్ళు. ఇరవై ఏళ్ళ వయసులో కంటి లోపలికి చేరే వెలుగులో అరవై దాటినవారికి సుమారు మూడో వంతే చేరుతుంది. అందుకని వారికి బాగా తీక్షణమైన టార్చి కొనిపెడదామని పిల్లలు అనుకుంటారు. కానీ శుక్లాలున్న కంటికి తీక్షణమైన కట్ట వెలుగు తెల్లగోడ మీద పడి తిరిగి కొడితే ఏమీ కనిపించదు. వారికి వెడల్పుగా పరచుకునే వెలుగు కావాలి. మీట కూడా చూడండి. వెనక రబ్బరు బొత్తాం ఉన్న టార్చీలు కుర్రవాళ్ళకు సరే, కీళ్ళవాతంతో వంగిన వేళ్ళకు పక్కన జరిపే మీటే సులువు.

ధర విషయంలో టార్చి ధర ఒక్కటే చూసి మోసపోవద్దు. ఒకటి 60 రూపాయలు, ఇంకొకటి 200 రూపాయలు అనుకుందాం. అరవై రూపాయలదానిలో బటన్ సెల్లులు, మార్చిన ప్రతిసారీ 40 రూపాయలు అవుతుందనుకుంటే నాలుగు మార్పులకే 220 రూపాయలు అయిపోతుంది. పైగా ఆ సెల్లులు వీధి చివరి కొట్టులో దొరకవు. బటన్ సెల్లులతో ఇంకో ప్రమాదం ఉంది. పసివాళ్ళు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలదు. చిన్నపిల్లలున్న ఇంటికి అవి వద్దనే చెబుతాం. మింగారని అనుమానం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు.

గోడకు పెట్టి ఛార్జి చేసే ప్లాస్టిక్ టార్చీలలో చాలావాటిలో సీసపు బ్యాటరీ ఉంటుంది. ఛార్జి అయిపోయాక అలాగే నెలలు వదిలేస్తే అది చచ్చిపోతుంది. తుపాను రోజున తీస్తే వెలగదు. యు.ఎస్.బి.తో ఛార్జి అయ్యే లిథియం రకం మేలైనదే, రోజూ వాడేవారికి చివరకు చౌక కూడా. కూర్మన్నపాలెం నుంచి సి షిఫ్టుకు వెళ్ళే స్టీల్‌ప్లాంటు కార్మికులకు అది బాగుంటుంది. కానీ వేలెడు పొడవున్న లిథియం సెల్లు మీద "9900" అని రాసి ఉంటే నమ్మకండి. ఆ సైజులో వచ్చే మంచి సెల్లులకే 3500 దరిదాపుల్లో ఉంటుంది. ఇంట్లో తుపాను కోసం పెట్టుకునేది మాత్రం మామూలు పెన్సిల్ సెల్లులదే ఉండాలి. ఆల్కలైన్ సెల్లు ధర ఎక్కువైనా మామూలు సెల్లు కంటే మూడు నాలుగింతలు వస్తుంది.

కొనేటప్పుడు పట్టపగలు కౌంటరు మీద వెలిగించి చూపిస్తే ఏమీ తెలియదు. దుకాణం వెనక చీకటిగా ఉన్న చోట గోడకు ఒక గజం దూరం నుంచి వెలిగించమనండి. మధ్యలో నల్లమచ్చ గానీ వలయాలు గానీ ఉన్నాయా, చుట్టూ పలచని వెలుగు ఉందా చూడండి. వెలుగుతుండగా అరచేతికి రెండుసార్లు తట్టండి. మినుకుమంటే తీసుకోవద్దు.

మన ఊరి ఉప్పుగాలికి లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది. పాత సెల్లూ కొత్త సెల్లూ కలిపి వేస్తే పాతది కారి చిలుం పడుతుంది. మంచం పక్కన ఉండేదానిలో సెల్లులు వేసే ఉంచి, ప్రతి నెలా మొదటి ఆదివారం గుడికి బయల్దేరే ముందు ఒకసారి వెలిగించి చూడండి. రెండోది ఉంటే దాని సెల్లులు తీసి అదే కవరులో పెట్టండి.

వార్డులో రోగికి తోడుగా పడుకునేవారు కూడా చిన్న టార్చి తెచ్చుకోవచ్చు. రాత్రి లేచినప్పుడు వెలుగును నేల మీదికే ఉంచండి. పక్కమంచం వారి కళ్ళలో పడితే వారికి మళ్ళీ నిద్ర పట్టడం కష్టం, నర్సమ్మకు సెలైను సూది కనబడటమూ కష్టం.