ఆ వీడియో ఏ నెలది?

మే రెండో వారం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, సరిగ్గా కెనడా సరిహద్దు మీద ఉన్న సగానగా సరస్సు. పొద్దున్న ఆరు గంటలు. ఒంటి మీద మూడు పొరల బట్టలున్నా వణుకు ఆగడం లేదు. చేతిలో ఫోన్, అందులో మ్యాప్, మ్యాప్ మీద ఓ ఎర్ర పిన్. ‘ఇక్కడ వేస్తే చేపలే చేపలు’ అని యూట్యూబ్‌లో ఒకాయన చూపించిన చోటు అది. మూడు గంటలు అక్కడే గాలం వేసి కూర్చున్నాం. ఒక్కటంటే ఒక్కటీ తగల్లేదు.

బోటు నడుపుతున్న పెద్దాయన మా యూనివర్సిటీ ల్యాబ్‌లో టెక్నీషియన్. అరవై దాటాయి. చిన్నప్పటి నుంచీ ఈ సరస్సులోనే చేపలు పడుతున్నాడు. మూడు గంటలూ నన్ను ఏమీ అనలేదు. చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు. “ఆ వీడియో ఏ నెలది?”

చూశా. జులై.

అప్పటికి నాది ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగాల వేట. చదువయ్యాక పని చేసుకోవడానికి అక్కడ ఇచ్చే ఓపీటీ అనుమతిలో మొదటి ఏడాది ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం 90కి మించకూడదు. నావి 61 ఖర్చయిపోయాయి. రోజూ అప్లికేషన్లు పంపడం, జవాబు రాకపోవడం. నా మొహం చూసి, “రెండు రోజులు ల్యాప్‌టాప్ మూసెయ్” అని ఆయనే తీసుకొచ్చాడు. డలూత్ నుంచి సుపీరియర్ తీరం వెంట గ్రాండ్ మరే వరకు, అక్కణ్నుంచి అడవిలో గన్‌ఫ్లింట్ ట్రయిల్ మీద 57 మైళ్లు.

మేలో సరస్సు వేరు, జులైలో వేరు

ఇంటర్ ఫిజిక్స్‌లో నీటి అసంగత వ్యాకోచం చదువుకున్నాం కదా. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు. పరీక్షలో రాసి మర్చిపోయిన ఆ పాయింటే ఇక్కడ చేపల అడ్రస్ చెబుతుంది.

చలికాలమంతా సరస్సు మీద మంచు మూత ఉంటుంది. అది కరిగాక పైనీళ్లు 4 డిగ్రీలకు చేరతాయి. అప్పుడు పైనా కిందా బరువు ఒక్కటే కాబట్టి, గాలి వీస్తే సరస్సు మొత్తం కలిసిపోతుంది. ఎక్కడ చూసినా అదే చల్లదనం, అంతటా ఆక్సిజన్. ఎండలు ముదిరి జూన్, జులై వచ్చేసరికి కథ మారుతుంది. పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర విడిపోతాయి.

లేక్ ట్రౌట్‌కు ఇష్టమైనవి దాదాపు 10 డిగ్రీల నీళ్లు. అందుకే జులైలో అది అడుక్కి దిగిపోతుంది. నా వీడియోలోని పిన్ 60 అడుగుల లోతున్న రాతి దిబ్బ. జులైకి అది కరెక్టే. మేలో మాత్రం అక్కడ ఉండాల్సిన అవసరం ఏ చేపకూ లేదు. వీడియోలో ఆయన అబద్ధం చెప్పలేదు. నేనే తేదీ చూడలేదు.

వాలై: సాయంత్రం, నెమ్మదిగా

వాలై మిన్నెసోటా రాష్ట్ర చేప. మంచు కరగగానే వాగులు సరస్సులో కలిసేచోట, గులకరాళ్ల మీద గుడ్లు పెడుతుంది. ఆ పని అయ్యాక కూడా చాలా చేపలు, ముఖ్యంగా మగవి, కొన్నాళ్లు ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. మిన్నెసోటా రికార్డు వాలై, 17 పౌండ్ల 8 ఔన్సులది, దొరికింది కూడా 1979 మే నెలలో, సీగల్ నది ఈ సగానగాలో కలిసేచోటే.

కాబట్టి సీజన్ మొదట్లో వెతకాల్సింది నడి సరస్సులో కాదు. వాగు మూతులు, నీళ్లు ఇరుకుగా పారే చోట్లు, ఎండ బాగా తగిలే నిస్సారమైన ఒంపులు. లోతు 6 నుంచి 15 అడుగులు. మిగతా సరస్సు కన్నా అక్కడ ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉన్నా చాలు, ఎర చేపలు అక్కడికి చేరతాయి. వాటి వెనకే వాలై.

టైం కూడా ముఖ్యమే. వాలై కళ్ల వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. పిల్లి కళ్లలా మెరుస్తాయి. మసక వెలుతురులో తన ఆహారం కన్నా తనకే బాగా కనబడుతుంది. అందుకే తెల్లవారుజాము, మునిమాపు, మబ్బు పట్టిన రోజు, గాలికి అలలు లేచిన చోటు దానికి అనుకూలం.

గాలానికి వాడేది జిగ్. అంటే తలకు చిన్న లోహపు గుండు ఉన్న గాలం. పది అడుగుల లోతుకు 3.5 గ్రాములది సరిపోతుంది. గాలో, ప్రవాహమో ఎక్కువైతే బరువు పెంచాలి. మినో అనే చిన్న చేపను నోట్లోంచి గుచ్చి తల వెనక నుంచి ముల్లు బయటికి తీయాలి. జిగ్ అడుగు తాకాక జానెడు ఎత్తి, లైన్ బిగువు పోకుండా దింపి, ఆపాలి. నేనేమో హుషారుగా ఎత్తెత్తి ఊపా. “చల్లటి నీళ్లలో వాటికీ బద్ధకమే. వెంటపడి తినవు” అన్నాడు పెద్దాయన. చేప శరీరం నీటి వేడిని బట్టే నడుస్తుంది. నీళ్లు చల్లగా ఉన్నంతకాలం మన చేతులూ నెమ్మదించాలి.

తగిలినప్పుడు పెద్ద గుంజుడు ఉండదు. జిగ్ కిందికి దిగుతున్నప్పుడు ‘టిక్’ అంటుంది, లేదా తడి గుడ్డ చిక్కుకున్నట్టు బరువనిపిస్తుంది. మొదటి రెండు అలాగే పోగొట్టుకున్నా. మూడోది పైకొచ్చింది. 17 అంగుళాలు. నా బ్యాగులోని కారం, పసుపు రాసి ఒడ్డునే పెనం మీద వేయించాం. మన కొరమేను ఇగురు కాదుగానీ, ఆ చలిలో అమృతమే.

లేక్ ట్రౌట్: ఒడ్డు నుంచే దొరికే కొద్ది రోజులు

వేసవిలో లేక్ ట్రౌట్ కోసం లోతైన నీళ్లలోకి ప్రత్యేక సరంజామా దించాలి. సీజన్ మొదట్లో అంత అక్కర్లేదు. సరస్సంతా చల్లగానే ఉంటుంది కాబట్టి అది పైకొచ్చి తీరం దాకా వేటాడుతుంది. నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాతి కొసల పక్కన, చటుక్కున లోతు పెరిగేచోట చూడాలి.

మర్నాడు పొద్దున్న అలాంటి రాతి మీదే నిలబడ్డాం. ఈసారి ఎర స్పూన్, చెంచా ఆకారంలో మెరిసే లోహపు రేకు. దూరంగా విసిరి, ఐదు లెక్కపెట్టేదాకా మునగనిచ్చి, చుడుతూ మధ్యమధ్యలో ఆపాలి. ఆపినప్పుడు రేకు దెబ్బతిన్న చేపలా ఊగుతూ కిందికి జారుతుంది. ఎక్కువసార్లు పట్టేది అప్పుడే. బోటులో అయితే గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో, ఎరను వంద అడుగులకు పైగా వెనక వదిలి లాగుతారు. నీళ్లు తేటగా ఉంటాయి, బోటు తలమీదుగా పోతే చేప బెదురుతుంది. అందుకే పాములా వంకరలు తిరుగుతూ వెళ్లాలి.

దాదాపు రెండు కిలోలది పడింది. పెద్దాయన చేతులు తడుపుకొని, నీళ్లలోనే గాలం తీసి వదిలేశాడు. చల్లటి నీళ్లలో ఈ చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది. 20 ఏళ్లు దాటి బతికేవీ ఉన్నాయి. ఒకటి చంపితే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

అక్కడ చదువుకోబోతున్నారా? ఇవి మరవద్దు

- లైఫ్ జాకెట్ వేసుకోకుండా బోటెక్కొద్దు. మంచు కరిగిన కొత్తలో నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. పది నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. ఈత వచ్చినా లాభం ఉండదు. అక్కడి సరస్సుల్లో, జలపాతాల దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్న మన విద్యార్థుల వార్తలు మీరూ చదివే ఉంటారు.
- లైసెన్స్ తప్పనిసరి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఎన్ని చేపలు, ఏ సైజువి ఉంచుకోవచ్చో ఆ ఏడాది నిబంధనల్లో చూడాలి. గుడ్లు పెట్టే కొన్ని చోట్లను సీజన్ మొదట్లో మూసి ఉంచుతారు.
- సగానగా లాంటి చోట దేశాల సరిహద్దు నీళ్ల మీద కనబడదు. కెనడా వైపు చేపలు పట్టాలంటే ఆంటారియో లైసెన్స్ వేరే కావాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఆ గీత దాటకపోవడమే మంచిది.
- సీసం గుండ్లకు బదులు టంగ్‌స్టన్‌వి కొనండి. జారిపోయిన సీసాన్ని మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయి.

రెజ్యూమె మీద తేదీ

తిరిగొచ్చిన రాత్రి ల్యాప్‌టాప్ తెరిచా. నా రెజ్యూమె ఓ సీనియర్‌ది చూసి చేసుకున్నది. ఆయనకు ఉద్యోగం వచ్చింది 2021లో, కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో. నేను అప్లై చేస్తున్న కంపెనీల లిస్టూ ఆయనదే. వాటిలో చాలావరకు ఇప్పుడు లేఆఫ్‌లు చేస్తున్నాయి. మళ్లీ జులై పిన్ మీదే కూర్చున్నా.

మర్నాటి నుంచి ఒక్క పని మార్చా. గత రెండు వారాల్లో నిజంగా ఎవరు తీసుకుంటున్నారో వెతికా. పెద్ద పేర్లు కాదు. యంత్రాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీ టెస్టింగ్‌కి మనిషి కోసం చూస్తోంది. వాళ్లడిగిన పనులకు తగ్గట్టు రెజ్యూమె మళ్లీ రాశా. 79వ రోజున ఆఫర్ వచ్చింది. రెజ్యూమె వల్లో, అదృష్టం వల్లో చెప్పలేను. కానీ జులై పిన్ మీద మాత్రం అది దొరికేది కాదు.

ఈరోజు మీరు ఓ రోడ్‌మ్యాప్ వీడియో సేవ్ చేసుకుంటారు. సీనియర్ పంపిన ప్రిపరేషన్ పీడీఎఫ్ తెరుస్తారు. చదవబోయే ముందు అది ఏ నెలదో, ఏ ఏడాదిదో ఓసారి చూడండి.