గుండెకూ మూత్రపిండాలకూ చుట్టరికం

జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహను మనలో చాలామంది చూసే ఉంటారు. చుక్కచుక్కగా కారే నీటిలోని సున్నం వేల ఏళ్లు పేరుకుని అక్కడ రాతి స్తంభాలుగా నిలిచింది. మన రక్తనాళాల్లోనూ ఇలాంటి పనే చప్పుడు లేకుండా జరుగుతుంది. అయితే గుహలో సున్నం పైకి కనిపిస్తుంది. ధమనిలో కొలెస్ట్రాల్ గోడ లోపలి పొర కింద చేరుతుంది. కొన్నేళ్లకు కాల్షియం కూడా తోడై గట్టిపడుతుంది. రక్తం నడిచే దారి ఇరుకవుతుంది.

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు ఇలా ఇరుకైతే ఛాతీనొప్పి, గుండెపోటు వస్తాయని అందరికీ తెలుసు. కానీ పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు ఒక్క గుండె ధమనులనే పాడుచేసి ఊరుకోవు. గుండె ధమనులు పూడిన వారిని పరీక్షిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి మూత్రపిండాల ధమని కూడా బాగా ఇరుకై కనిపిస్తుంది.

మూత్రపిండం మన పిడికిలంత ఉంటుంది. అయినా గుండె నిమిషానికి పంపే సుమారు 5 లీటర్ల రక్తంలో ఒక లీటరు రెండు మూత్రపిండాలకే వెళ్తుంది. దారి ఇరుకై ఆ రక్తం తగ్గితే, ఒంట్లోనే రక్తం తగ్గిందని మూత్రపిండం పొరబడుతుంది. వెంటనే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని ప్రభావంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, రక్తపోటు పెరుగుతుంది. అప్పటికే అలసిన గుండె మీద ఆ భారమంతా పడుతుంది.

రెనిన్‌ను 1898లో స్వీడన్‌లో టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ కనుగొన్నారు. 1934లో అమెరికా వైద్యుడు హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండాల ధమనులను చిన్న బిగింపులతో ఇరుకు చేసి, రక్తపోటు పెరగడం చూపించాడు.

మరి ఇరుకైన ధమనిలో స్టెంటు వేస్తే సరిపోదా? 900 మందికి పైగా రోగులతో జరిగిన కోరల్ అనే పరిశోధన ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. మందులు సక్రమంగా వాడేవారిలో ఎక్కువమందికి స్టెంటు వల్ల అదనపు మేలు కనిపించలేదు. కొందరికి మాత్రం అది అవసరమవుతుంది. ఎవరికన్నది వైద్యులే తేల్చాలి.

ఈ జబ్బు చాలాకాలం ఏ బాధా కలిగించదు. మూడు రకాల మందులు వాడుతున్నా బీపీ దిగకపోతే, లేదా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతుంటే అనుమానించాలి. ఊళ్లో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో గుండెజబ్బు ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు రెండు మాటలు అడగండి: "బీపీ ఎంత ఉంది? మూత్రపిండాల పరీక్ష చేయించారా?" నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగవద్దని కూడా చెప్పండి. అవి మూత్రపిండాలకు హాని చేయగలవు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. బదిలీ అయిన ప్రతిసారీ వైద్యుడు మారతాడు. పాత యాంజియోగ్రామ్, రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు వరుసగా చూస్తేనే కొత్త వైద్యుడికి జబ్బు ఎటు నడుస్తోందో తెలుస్తుంది. అందుకే వాటన్నిటినీ ఒకే ఫైల్లో పెట్టండి. సామాను లారీకి ఎక్కించే రోజున ఆ ఫైలు మాత్రం అమ్మ చేతిసంచిలో ఉండేలా చూడండి.