చలి రాత్రులు – చిన్న కుక్క

“దేవుడిచ్చిన బొచ్చు ఉండగా కుక్కకు చలి ఏమిటి?” అనేవారు మనలో చాలమంది ఉన్నారు. ఊరకుక్కలు చల్లారిన పొయ్యి బూడిదలో ముడుచుకొని తెల్లవార్చడము చూచి కూడ ఈ మాట అంటూనే ఉంటారు.

ఆరోగ్యముగల కుక్క ఒంటి వేడి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉంటుంది. అంటే మనకంటె ఎక్కువ. ఆ వేడిని తిన్న తిండినుండి అది తానే పుట్టించుకొనవలె. గుండిగలోని పాలు చాలసేపు వేడిగా ఉండగా, అవే పాలు చిన్న గ్లాసులో పోస్తే ఇట్టే చల్లారిపోతవి గదా! కుక్క చిన్నదైనకొద్దీ దాని బరువుతో పోల్చగా చర్మము ఎక్కువ. వేడి జారిపోయే దారి ఎక్కువ. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు 10, 12 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగడము కద్దు. లంబసింగి, అరకు వైపు సంగతి చెప్పనక్కరలేదు.

కాబట్టి కుక్కకు కొత్తగా వేడి పెట్టడముకంటె, ఉన్న వేడి పోకుండ కాపాడడము ముఖ్యము. ఇది మాకు ఆలస్యముగా తెలిసినది. మా ఇంటి డాక్సుండుకు కాళ్లు పొట్టి, బొచ్చు నున్నన. మొదటి చలికాలము రాత్రంతా వణికేది. మేము దుప్పటిమీద దుప్పటి కప్పేవారము, వణుకు తగ్గలేదు. ఒకనాటి రాత్రి దాని పొట్టక్రిందికి చేయి పోనిచ్చి చూతుము గదా, షాబాదు బండ మంచుగడ్డవలె ఉన్నది! పైన ఎన్ని కప్పిన నేమి, వేడి అంతా రాతిలోనికి పోతున్నది. మరునాడు ఒక పొట్టి పీట వేసి, దానిపై ఎండుగడ్డి కూరిన గోనెసంచి, ఆపైన పాత రగ్గు పరచినాము. ఆ రాత్రి ఒక్క దుప్పటితో హాయిగా నిద్రపోయినది.

చల్లగాలి బరువైనది, తలుపు క్రింది సందునుండి వచ్చి నేలవెంటనే పారుతుంది. మంచముమీద పడుకొన్న మనకు అది తెలియదు. పడక చోటు నిర్ణయించేముందు మీ చెంప ఒకసారి నేలకు ఆనించి చూడండి. అంచులు ఎత్తుగా ఉన్న బుట్ట మేలు. అది కుక్క ముడుచుకొని తిరిగి పడుకొనేటంత ఉంటే చాలును; మరీ పెద్దదైతే వెచ్చదనము నిలువదు. పెట్టెలోని పాత ఉన్నిబట్ట పరచదలచినచో ముందు బాగా ఉతికి, కలరా ఉండల వాసన పూర్తిగా పోయేదాక ఎండలో ఆరవేయవలె. ఆ ఉండలు కుక్కకు విషము.

పొమరేనియనుకు పైబొచ్చు క్రింద దూదివంటి లోబొచ్చు ఉన్నది. అందులో నిలిచిన గాలియే దానికి దుప్పటి. తడిస్తే ఆ దుప్పటి లేనట్లే. అందుచేత స్నానము మిట్టమధ్యాహ్నము చేయించి, కుదుళ్లదాక ఆరబెట్టండి. ఉదయము మంచుగడ్డిలో తిరిగి వచ్చినప్పుడు పొట్ట, పాదములు తుడవండి. బొచ్చు కత్తిరించే పని వేసవికి వాయిదా వేయండి. నున్నని బొచ్చుగల వాటికి స్వెట్టరు మంచిదే, తడిసినదీ చంకలు ఒరిసేదీ కాకుంటే.

ఇక కుంపటి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడూ పెట్టకండి. దానినుండి వచ్చే కార్బన్ మొనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే కుక్క ప్రాణమూ, ఇంటివారి ప్రాణమూ తీయగలదు. వేడినీళ్ల సంచి పెట్టినా మందపు తువాలు చుట్టి, కుక్క జరిగి పోవుటకు చోటు ఉంచవలె. రెండు వారములు నిండని పిల్లలు తమ వేడిని తాము నిలుపుకొనలేవు. వాటిని తల్లినుండి వేరు చేయకండి.

వణుకు కొంతవరకు మంచి గురుతే. ఒళ్లు వేడి పుట్టించుకొంటున్నదన్నమాట. చలిలో ఉన్న కుక్క వణుకు మాని, మందకొడిగా, పిలిచినా తల ఎత్తకుండ పడియున్నచో ప్రమాదము. జ్వరమాని 99 కంటె తక్కువ చూపినా అంతే. పొడిబట్టలో చుట్టి వెంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలె.

రాత్రి మీరు మంచినీళ్లకు లేచినప్పుడు ఒకసారి చూడండి. ముక్కు తోకలో దూర్చి ఉండలా చుట్టుకొని ఉంటే ఇంకొక గుడ్డ కావలె. కాళ్లు చాచి పక్కకు ఒరిగి నిద్రపోతుంటే దీపము ఆర్పి వచ్చివేయవచ్చును.