కండ చూసి కోచ్‌ని నమ్మొచ్చా?

2013లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో పరిశోధకులు ఒకే ఒక్క బాడీబిల్డర్‌ని ఏడాది పాటు గమనించారు. పోటీకి ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు. స్టెరాయిడ్ల జోలికి పోని యువకుడతను. పోటీనాటికి అతని ఒంట్లో కొవ్వు 14.8 శాతం నుంచి 4.5 శాతానికి తగ్గింది. స్టేజి మీద జడ్జీలు చూసేది దాన్నే. వాళ్ల కంటికి ఆననిది ఇంకొకటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 53 సార్లు కొట్టుకునే గుండె 27కి దిగింది. టెస్టోస్టెరాన్ నాలుగో వంతుకు పడిపోయి, పోటీ అయ్యాకే మళ్లీ కోలుకుంది.

మందులు లేకుండా, కొలతలు తీసేవాళ్లు పక్కన ఉండగా పద్ధతిగా సిద్ధపడిన మనిషి సంగతి ఇది. అలాంటి ఒంటికి చివరి వారంలో నీళ్లు ఆపించి, ఉప్పు మాన్పించి, పైన మూత్రం మాత్ర వేయించే కోచ్‌కి ఏం తెలిసి ఉండాలి? చట్టం ప్రకారం ఏమీ తెలియనక్కర్లేదు. బాడీబిల్డింగ్ కోచ్‌నని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో గానీ అమెరికాలో గానీ లైసెన్సు అడిగేవాళ్లు లేరు. డైటీషియన్ వృత్తిని మన పార్లమెంటు 2021లో చేసిన చట్టం గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. కోచ్‌కి అటువంటి జాబితా లేదు. అతని అర్హతంతా అతని కండలు, గోడకు వేలాడే మెడల్స్, శిష్యుల ఫొటోలు.

కండలు దేనికి సాక్ష్యం? 1996లో అమెరికాలో భాసిన్ బృందం 43 మంది మగవాళ్ల మీద చేసిన ప్రయోగం దీనికి సూటిగా జవాబిస్తుంది. పది వారాల పాటు కొందరికి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్, కొందరికి ఉత్త ఇంజెక్షన్. రెండు గుంపుల్లోనూ సగం మంది బరువులెత్తారు, సగం మంది ఎత్తలేదు. వ్యాయామం ఊసే లేకుండా హార్మోను తీసుకున్నవాళ్లకు కొవ్వు కాని బరువు దాదాపు 3 కిలోలు పెరిగింది. హార్మోను లేకుండా కష్టపడి బరువులెత్తినవాళ్లకు పెరిగింది 2 కిలోలే. పెద్ద కండ వెనక మంచి శిక్షణ ఉండొచ్చు, సిరంజి ఉండొచ్చు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన శరీర తత్వం ఉండొచ్చు. ఫొటో చూసి చెప్పలేం. పైగా కోచ్ గోడ మీద ఉండేది బాగుపడినవాళ్ల ఫొటోలే. మధ్యలో జబ్బుపడి మానేసినవాళ్లవి అక్కడ ఉండవు.

కోచ్ తెలియనితనం బయటపడేది పీక్ వీక్‌లో, అంటే పోటీకి ముందు చివరి వారంలో. జిమ్‌లలో వినిపించే సిద్ధాంతం ఇది: చర్మం కింద నీరు తీసేస్తే గీతలు తేలతాయి, కండ మాత్రం నిండుగా ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చర్మం కింది నీటికీ రక్తంలోని నీటికీ మధ్య ఆనకట్ట లేదు. మూత్రపిండాలు వడకట్టేది రక్తాన్ని. మాత్ర వేస్తే ముందు తగ్గేది రక్తం పరిమాణం. బీపీ పడుతుంది, కండకు చేరే రక్తం తగ్గుతుంది. కండలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి అదీ చిక్కుతుంది. నీళ్లు ఆపిన రోజుల్లోనే కండ నిండాలని అన్నం, బంగాళాదుంప దండిగా తినిపిస్తారు. ఆ పిండిపదార్థం కండలో గ్లైకోజెన్‌గా మారి నిలుస్తుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ నిలవాలంటే సుమారు మూడు గ్రాముల నీరు దానికి తోడు కావాలి. ఒక చేత్తో పిండి పెట్టి, ఇంకో చేత్తో నీళ్లు లాగేసుకుంటే కండ నిండేదెలా? ప్రాణాపాయం సంగతి అటుంచినా, కోరుకున్న అందం కూడా ఈ పద్ధతిలో దక్కుతుందన్న భరోసా లేదు.

ఉప్పు దగ్గర తప్పు ఇంకా లోతైనది. ఉప్పు తగ్గిందని పసిగట్టగానే శరీరం ఆల్డోస్టెరాన్ అనే హార్మోను పెంచి, ఉన్న సోడియాన్ని మూత్రంలో పోకుండా పట్టుకుంటుంది. దాన్ని ఓడించడానికి స్పైరోనోలాక్టోన్ మాత్ర ఇస్తారు. అది ఆల్డోస్టెరాన్ పనిని అడ్డుకుంటుంది. అయితే రక్తంలో మిగులు పొటాషియాన్ని బయటికి పంపేదీ ఆ హార్మోనే. ఆ దారి మూసుకుపోయిన రోజునే ‘కండ బిగుతుకి’ అని పొటాషియం మాత్రలు మింగిస్తే, కొబ్బరి నీళ్లు సహజమైనవే కదా అని బొండాం మీద బొండాం తాగిస్తే, ఆ పొటాషియం పోవడానికి చోటుండదు. రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 6.5 దాటితే గుండె లయ ఎప్పుడు తప్పుతుందో చెప్పలేం. ఫ్యూరోసెమైడ్ కూడా మూత్రం మాత్రే, కానీ అది పొటాషియాన్ని అటు కిందికి లాగేస్తుంది. అదీ గుండె లయను చెడగొడుతుంది. పేరుకు రెండూ మూత్రం మాత్రలే, ప్రమాదం మాత్రం చెరో వైపు. మొన్న ఒకరికి పనిచేసిందని ఇవాళ ఇంకొకరికి ఇచ్చే కోచ్‌కి ఈ తేడా తెలియకపోతే అతను చేస్తున్నది జూదం, అదీ ఎదుటివాడి ప్రాణం ఒడ్డి.

1992 అక్టోబరులో నెదర్లాండ్స్‌లో పోటీ గెలిచిన కొన్ని గంటలకే మొహమ్మద్ బెనజీజా చనిపోయాడు. అల్జీరియాలో పుట్టిన ఫ్రెంచి బాడీబిల్డర్, వయసు 33. మూత్రం మందులతో ఒళ్లు ఎండిపోవడమే కారణమని చెప్పారు. 1996 మిస్టర్ ఒలింపియాలో ఈ మందులకు పరీక్ష పెడితే మూడో స్థానంలో నిలిచిన నాసర్ ఎల్ సోన్‌బాటీ దొరికిపోయాడు. జరిగి ఇంతకాలమైనా ఆ మాత్రల వాడకం పోలేదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది సగం తెలివి. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువొస్తే ‘నీకు మజిల్ ఎక్కువ కదా, అందుకే’ అని కోచ్ సర్దిచెబుతాడు. ఆ మాటలో నిజముంది. క్రియాటినిన్ పుట్టేది కండలోనే. కానీ మూత్రపిండం నిజంగా దెబ్బతిన్నా పెరిగేది అదే. 2010లో అమెరికాలో హెర్లిట్జ్ బృందం, చాలాకాలం స్టెరాయిడ్లు వాడిన పది మంది బాడీబిల్డర్లలో తొమ్మిది మందికి మూత్రపిండపు వడపోత గుచ్ఛాలు మచ్చకట్టడం చూసింది. క్రియాటినిన్ పెరిగింది కండ వల్లా, మూత్రపిండం దెబ్బతినడం వల్లా అన్నది తేల్చే దారులున్నాయి. కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష ఒకటి, మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్న చవకైన పరీక్ష ఇంకొకటి. ఆ రెండో పరీక్ష ప్రతి ఊరి ల్యాబులోనూ చేస్తారు. అడగాలని తెలియాలంతే.

2025లో ఇటలీలోని పాడువా పరిశోధకులు 2005–2020 మధ్య పోటీల్లో దిగిన 20,286 మంది మగ బాడీబిల్డర్ల వివరాలు తీశారు. 121 మరణాలు తేలాయి. వాటిలో 38 శాతం గుండె హఠాత్తుగా ఆగినవి. ఔత్సాహికుల కంటే ప్రొఫెషనల్స్‌కి అలాంటి మరణం ముప్పు ఐదు రెట్లకు పైనే. మన దగ్గర పోటీలకు వెళ్లని పిల్లలదాకా మందుల అలవాటు పాకింది. ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోయిన రోగికి ఇచ్చే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను వర్కౌట్‌కి ముందు వాడే కుర్రాళ్ల కోసం అమ్ముతుండగా హైదరాబాదులో అధికారులు పట్టుకున్నారు.

మంచి కోచ్‌లు ఉన్నారు. బరువెత్తే తీరు, పోజింగ్, తిండి క్రమం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతానికి మించి తగ్గొద్దని 2014లో నిపుణులు సూచించారు. ఆ మాట పాటించే కోచ్‌కి చివరి వారంలో అద్భుతాలు చేయాల్సిన అవసరమే తక్కువ. డాక్టరు రాయని మందు ఇవ్వనని చెప్పగలిగినవాడు నా లెక్కలో అర్హుడు, డిప్లొమా ఉన్నా లేకున్నా.

పోటీ వారంలో కాళ్లు నీరసించి లేవకపోయినా, పిక్కలు వదలకుండా పట్టేసినా, గుండె లయ తప్పి దడదడ కొట్టుకున్నా, కళ్లు తిరిగి పడినా ఉప్పు నీళ్లు తాగించి స్టేజి ఎక్కించకూడదు. ఈసీజీ, రక్తంలో పొటాషియం చూసే ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లాలి. పొటాషియం పెరిగితే నరంలోకి కాల్షియం ఇచ్చి నిమిషాల్లో గుండెను కాచుకోవచ్చు. తగ్గితే చేయాల్సిన వైద్యం పూర్తిగా వేరు. అందుకే వాడిన మాత్రల అట్టలు, ఇంజెక్షన్ సీసాలు ఉన్నవి ఉన్నట్టు డ్యూటీ డాక్టరు ముందు పెట్టాలి. కోచ్ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. మందు పేరు మాత్రం చెప్పి తీరాలి.