అంతరిక్షమున మానవకణములు

మానవదేహము నుండి కొన్ని జీవకణములను గ్రహించి, పోషకద్రవమునందుంచి, దేహమునకు తగిన వెచ్చదనమున కాపాడినచో అవి పాత్రలోనే జీవించి వృద్ధిచెందును. ఇట్టి కణములను భారరహితమైన అంతరిక్షమునకు గొనిపోయినచో ఏమగును?

1973లో అమెరికా వారి స్కైలాబ్ నందు మానవుని ఊపిరితిత్తుల కణములను పెంచి చూచిరి. భూమిపై పెరిగిన కణములకును వానికిని పెరుగుదలలో చెప్పదగిన భేదము కానరాలేదు.

అయినను అన్ని కణముల స్వభావము ఒక్కటి కాదు. రక్తమునందలి లింఫోసైట్లు దేహమునకు కావలివాండ్రు. రోగకారకములు ప్రవేశించినంతనే అవి మేల్కొని, విభజనచెంది, తమ సంఖ్యను పెంచుకొనును. 1983లో స్పేస్‌లాబ్ నందు, జ్యూరిచ్ శాస్త్రజ్ఞుడగు అగుస్తో కొగోలీ ప్రయోగములో, వానిని మేల్కొలుపు పదార్థమును కలిపి చూచిరి. భూమిపై కనబడు చైతన్యములో పదవవంతైనను కనబడలేదు.

ఇందులకు కారణము భారము లేకుండుటయా, లేక అంతరిక్షమందలి తీవ్రకిరణములా? ఈ సంశయము తీర్చుటకు 1985 నాటి యాత్రలో నౌకయందే ఒక తిరుగుడు యంత్రమునుంచిరి. అది తిరుగుటచే భూమ్యాకర్షణకు సమానమైన బలము కలుగును. అందలి కణములు మేల్కొనెను; అదే నౌకలో భారరహితముగా నున్నవి మందగించియే యుండెను. కిరణములు రెంటికిని సమానమే గదా! కావున ప్రధానకారణము భారరాహిత్యమని తేలినది.

పాత్రలోని కణములు వేరు, సంపూర్ణదేహము వేరు. ఐనను కుజగ్రహమువరకు పోదలచిన మానవుడు ముందుగా తన కావలివాండ్ర క్షేమమును విచారింపవలసియున్నది.