214 కోట్లు దాటితే లెక్క తప్పుతుంది.. కంప్యూటర్లను కంగారు పెట్టే ఆ నంబర్ ఏంటి?

సౌత్ కొరియా సింగర్ సై పాడిన ‘గంగ్నమ్ స్టైల్’ గుర్తుందా? 2014 డిసెంబర్‌లో ఆ వీడియో వ్యూస్ దెబ్బకి యూట్యూబ్ తన కౌంటర్‌నే మార్చుకున్నట్టు ప్రకటించింది. పాత కౌంటర్ గరిష్ఠంగా చూపించగలిగేది 214,74,83,647 మాత్రమే. ఇదే నంబర్‌తో 2038లో మరో చిక్కు రాబోతోంది. ఇంతకీ దీని స్పెషాలిటీ ఏంటి?

లిమిట్ ఎందుకు?

కంప్యూటర్‌కి తెలిసినవి 0, 1 మాత్రమే. చాలా పాత సిస్టమ్స్ ఒక్కో సంఖ్యను 32 గళ్లలో దాచుకుంటాయి. వీటినే బిట్లు అంటారు. ఒక గడి ప్లస్సా, మైనస్సా అని చెప్పడానికే పోతుంది. మిగిలిన 31 గళ్లలోనూ 1 నింపితే వచ్చేదే ఈ నంబర్. అంటే 31 రెండ్లను గుణించి, వచ్చిన దాంట్లోంచి 1 తీసేయడమే.

దీనికి ఇంకొక్కటి కలిపితే? బండి మీటర్ 99999 తర్వాత సున్నాలకు తిరిగిపోతుంది కదా. ఇక్కడ సున్నా కాదు, లెక్క చాలా సిస్టమ్స్‌లో నేరుగా మైనస్ 214,74,83,648కి పడిపోతుంది.

గణితంలోనూ స్టారే

ఇది ప్రధాన సంఖ్య. 1తో, తనతో తప్ప దేనితోనూ భాగించలేం. కంప్యూటర్లు లేని 1772లోనే స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణిత మేధావి ఆయిలర్ దీన్ని నిరూపించారు. అప్పటికే ఆయన చూపు దాదాపు పోయింది.

కోట్ల సంఖ్యలతో భాగించి చూశారా? అక్కర్లేదు. ఏ సంఖ్యైనా రెండు భాగాల గుణకారంగా విడిపోతే, చిన్న భాగం దాని వర్గమూలాన్ని దాటదు. ఇక్కడ వర్గమూలం సుమారు 46,341. అందులోనూ 248తో భాగిస్తే 1 గానీ, 63 గానీ మిగిలే ప్రధాన సంఖ్యలు చూస్తే చాలని ఆయిలర్ తేల్చారు. దాంతో కొండంత పని చేత్తో చేయగలిగేంత తగ్గిపోయింది.

2038లో ఏం జరుగుతుంది?

చాలా సిస్టమ్స్ టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తాయి. 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ లెక్క సరిగ్గా 214,74,83,647కి చేరుతుంది. తర్వాతి సెకనుకే 32 బిట్ల గడియారం 1901 డిసెంబర్‌కి వెళ్లిపోవచ్చు.

మరి మన ఫోన్లు? 64 బిట్ల టైమ్ వాడే కొత్త ఫోన్లకు ఈ ఇబ్బంది లేదు. అసలు టెన్షన్ ఏళ్ల తరబడి అప్‌డేట్ లేకుండా నడిచే పాత మెషీన్లతోనే. పైగా 2038 దాకా ఆగాల్సిన పని కూడా లేదు. 20 ఏళ్ల హోమ్ లోన్ ఇవాళ తీసుకుంటే చివరి ఈఎంఐ తేదీ అప్పుడే ఆ గీత దాటేస్తుంది. ఆ తేదీని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడే సిద్ధంగా ఉండాలి.

యూట్యూబ్ కౌంటర్ కొత్త లిమిట్ 19 అంకెల సంఖ్య. కానీ అది ప్రధాన సంఖ్య కాదు, 7తో భాగిస్తే శేషం సున్నా!