ఈ బొమ్మది ఏ ఊరు?

కొత్త బడిలో చేరిన మొదటి రోజు మనల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీది ఏ ఊరు?" పుట్టింది ఒక ఊరు, అక్షరాలు దిద్దింది మరో ఊరు, ఇంట్లో మాట్లాడే భాష ఇంకో చోటిది. బదిలీల మీద తిరిగే మన ఇళ్లలో ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాదు. పాత చేతిరాత పుస్తకాల్లోని బొమ్మల్ని కూడా పండితులు ఇదే ప్రశ్న అడుగుతారు. ఆ బొమ్మలు ఏం చెబుతాయో చూద్దాం.

కల్పసూత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇది తీర్థంకరుల జీవితాలు చెప్పే జైన గ్రంథం. 14, 15 శతాబ్దాల్లో పశ్చిమ భారతంలోని జైన వ్యాపారులు దీనికి బొమ్మలతో ప్రతులు రాయించి గురువులకు సమర్పించేవారు.

ఆ ప్రతుల్లో ఒక వింత దేవుడు కనిపిస్తాడు. ఒళ్లు మనిషిది, తల మేకది. కొన్ని బొమ్మల్లో అది జింక తలలా ఉంటుంది. ఆయన పేరు హరినైగమేషి. ఇంద్రుడి ఆజ్ఞ ప్రకారం మహావీరుణ్ణి, పుట్టకముందే, దేవానంద గర్భం నుంచి త్రిశల గర్భానికి చేర్చింది ఈయనే. మరి ఆ మేక తల చిత్రకారుడు ఊహించి వేసిందా? కాదు. మథురలోని కంకాళీ టీలా అనే దిబ్బలో కుషాణుల కాలపు రాతిపలక ఒకటి దొరికింది. దాని మీద మేక తల దేవుడు ఉన్నాడు, పక్కనే 'నేమేసో' అని పేరు చెక్కి ఉంది. సుశ్రుత సంహిత చెప్పే బాలగ్రహాల్లోనూ నైగమేషుడు ఉన్నాడు, ఆయనదీ మేక ముఖమే. అంటే పుస్తకం వయసు ఆరేడు వందల ఏళ్లయితే, అందులోని దేవుడి రూపం దానికన్నా వెయ్యేళ్లకు పైగా పాతది. కథ పుట్టిల్లు ఎక్కడో ఈ తల చెబుతుంది.

ఇప్పుడు అదే పుటను ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. కాగితం వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. రాత మధ్యలో ఎర్రగానో బంగారు రంగులోనో ఒక గుండ్రటి చుక్క ఉంటుంది. అది ఎందుకు? అంతకుముందు ఈ పుస్తకాలను తాటాకుల మీద రాసేవారు. ఆకులు చెదిరిపోకుండా రంధ్రం చేసి దారం కట్టేవారు. మన తెలుగు తాళపత్రాలకూ అలాంటి రంధ్రాలు ఉంటాయి. కాగితం వచ్చాక దారం అక్కర్లేకపోయింది. అయినా దారం ఉండే చోట చుక్క పెట్టడం మానలేదు. పుస్తకం తన పాత ఇంటిని మరిచిపోలేదన్నమాట.

తర్వాత రంగు. మెరిసే ఆ ముదురు నీలాన్ని లాజవర్ద్ అనే నీలిరాయిని నూరి తయారుచేశారు. ఆ రాయి దొరికేది ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో. బొమ్మ ఇక్కడిదైనా, దాని నీలం అక్కడి నుంచి వర్తకుల వెంట వచ్చింది.

చివరగా ముఖాలు. ఈ శైలిలో మనుషుల ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. అవతలి కన్ను ముఖం గీత దాటి బయటకు పొడుచుకొస్తుంది. కల్పసూత్రంతో పాటు తరచుగా రాయించిన కాలకాచార్య కథలో మాత్రం, సాహులనే విదేశీ రాజుల ముఖాలు వేరుగా ఉంటాయి. గుండ్రటి ముఖం, వాలు కళ్లు, రెండు కళ్లూ ముఖంలోపలే. పరదేశివాళ్లను చూపడానికి మన చిత్రకారులు పారశీక పుస్తకాల్లోని ముఖాలను నమూనాగా తీసుకున్నారు. అలాంటి పుస్తకాలు ఆనాటికే ఇక్కడికి వచ్చాయని ఈ ముఖాలే సాక్ష్యం.

అయితే ఒక్క గుర్తు చూసి ఊరు తేల్చేస్తే పొరపాటు పడతాం. పొడుచుకొచ్చిన కన్ను కనబడగానే ఇది గుజరాత్‌దే అనిపిస్తుంది. కానీ అలాంటి కల్పసూత్రం ఒకటి 1439లో మాళవదేశంలోని మాండూలో తయారైంది. మరొకటి 1465లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో రాశారు. ఈ సంగతి ఆ పుస్తకాల చివర లేఖకులు రాసిపెట్టిన వాక్యాల వల్ల తెలిసింది. చాలా పుస్తకాలకు ఆ భాగ్యం లేదు. ఆకులు విడదీసి అమ్మేయడంతో ఒక్కో ఆకు ఒక్కో దేశం చేరింది, ఊరు పేరున్న చివరి ఆకు ఎక్కడో ఉండిపోయింది. అలాంటి ఒంటరి ఆకు తరఫున మాట్లాడవలసింది బొమ్మే. అందుకే దాన్ని ఓపికగా, అన్ని వైపుల నుంచీ చూడాలి.

మాండూ కల్పసూత్రం ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో ఉంది. మన నాన్నగారికో అమ్మకో ఈసారి బదిలీ ఏ ఊరికి అయినా, అక్కడి మ్యూజియంలో పాత బొమ్మ కనిపిస్తే నాలుగు ప్రశ్నలు వేద్దాం: కథ ఎక్కడిది? పుట ఆకారం ఎక్కడిది? రంగు ఎక్కడిది? గీసిన చెయ్యి ఎవరిని చూసి నేర్చుకుంది? నాలుగింటికీ నాలుగు ఊళ్లు జవాబుగా రావచ్చు. అందులో ఏదీ అబద్ధం కాదు. "మీది ఏ ఊరు?" అని మనల్ని అడిగినప్పుడు రెండు మూడు ఊళ్ల పేర్లు చెబితే, అదీ అబద్ధం కాదు.